ఎల్లోస్టోన్‌కి ఆర్వీలో: పార్క్ లోపల మాడిసనా, బయట ఫుల్ హుకప్ సైటా?

గోదారి_గట్టు:
ఆగస్టు రెండో వారంలో సాల్ట్ లేక్ సిటీలో 28 అడుగుల ఆర్వీ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్న. నాలుగు రాత్రులు. మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే ఒక సైట్ దొరికింది. అది పార్క్ లోపలే, కానీ కరెంటు, నీళ్లు, డ్రైన్ కనెక్షన్లేవీ ఉండవు. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో ఆ మూడూ ఉన్న, అంటే ఫుల్ హుకప్, ప్రైవేటు సైట్ కూడా పట్టి ఉంచాను. ఒకటి వదులుకోవాలి. నాన్న రాత్రిళ్లు సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌తో గాలి అందించేది) పెట్టుకుని పడుకుంటారు. మీరైతే ఏది ఉంచుకుంటారు?

తెల్లారిపోతా:
మాడిసన్. రెండో ఆలోచన వద్దు. వేడినీళ్లు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్‌కి అక్కడి నుంచి 16 మైళ్లు, ఊళ్లో నుంచి 30. తేడా 14 మైళ్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ 14 మైళ్లూ మాడిసన్ నది పక్కనే. దున్నల మంద రోడ్డెక్కిందంటే గంట పోయినా పోతుంది. ఈలోగా గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడినీటి బుగ్గ దగ్గర పార్కింగ్ నిండిపోతుంది. 28 అడుగుల బండి పెట్టే చోటు కోసం తిరగడం మామూలు టెన్షన్ కాదు. లోపల ఉంటే పొద్దున్నే చూసేసి, మధ్యాహ్నం వచ్చి తిని, పెద్దవాళ్లు ఓ కునుకు తీశాక మళ్లీ సాయంత్రం వెళ్లొచ్చు. ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు కలిసి మాడిసన్ నది అయ్యేది అక్కడే. చీకటి పడే వేళ ఆ గడ్డి మైదానంలోకి ఎల్క్‌లు, అంటే పెద్ద జింకలు, వస్తాయి. మీ నాన్నగారికి చూపించాల్సింది అదండీ.

ఓరుగల్లు_అక్క:
మాకు జరిగింది చెప్తాను. రెండేళ్ల కింద పార్క్ లోపల హుకప్ లేని సైట్‌లో ఉన్నాం, మా అత్తమ్మ కూడా వచ్చింది. ఆర్వీ హీటర్ గ్యాస్‌తో మండుతుంది కాబట్టి కరెంటుతో పనిలేదనుకున్నాం. మంట గ్యాస్‌దే కానీ, వేడిగాలిని తోసే ఫ్యాన్ బ్యాటరీదే. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాన్ చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. అద్దాల మీద లోపలి వైపు నీళ్లు కారుతున్నాయి. జెనరేటర్ ఆన్ చేద్దామంటే పొద్దున 8 దాకా అక్కడ అనుమతి లేదు. అత్తమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని నాలుగు గంటలు కూర్చునే ఉంది. అద్దె కంపెనీ పాత బ్యాటరీ పెట్టిందని తర్వాత తెలిసింది. మీకు హీటర్ ఫ్యాన్, సీప్యాప్, రెండూ ఒకే బ్యాటరీ మీద నడవాలి తమ్ముడూ. ఎల్క్‌లు పొద్దున కూడా కనబడతాయి. నాన్నకు నిద్ర ముఖ్యం.

తెల్లారిపోతా:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ దానికి దారి ఉంది. సీప్యాప్‌కి విడిగా ఒక పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ) కొని, ఆర్వీ బ్యాటరీని హీటర్‌కే వదిలేయాలి. మెషిన్‌లో గాలిని వేడిచేసి తేమ కలిపే భాగం ఆపేస్తే కరెంటు బాగా తక్కువ తాగుతుంది. పగలు జెనరేటర్ నడిచే వేళల్లో ఛార్జ్ చేసుకోవచ్చు. బయల్దేరేముందు ఇంట్లోనే ఒక రాత్రి పరీక్షించి చూడండి.

వంటింటి_రాజు:
హుకప్ ఉంటే అంతా సుఖమే అనుకోకండి. 30 ఆంప్స్ లైన్ అంటే మొత్తం 3,600 వాట్లు. 1,500 వాట్ల హీటర్, 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి నడుస్తుండగా మైక్రోవేవ్ నొక్కారంటే బ్రేకర్ పడిపోతుంది. వంటకు బండిలోని గ్యాస్ పొయ్యే వాడండి. ఇంకోటి, ఆరుగురికి మన వంటంటే గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు చూస్తుండగానే నిండుతుంది. పోపు గింజలు, నూనె కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే గిన్నె సింక్‌లో పెట్టండి. మాడిసన్‌లో ఆ మురుగునీళ్లు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఉంది కానీ, అక్కడికి వెళ్లాలంటే లోపలి సామానంతా సర్దుకుని బండి కదపాల్సిందే.

పార్క్ లోపలే ఉన్న ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ క్యాంప్‌గ్రౌండ్ చూశారా? పార్క్ మొత్తంలో మూడు కనెక్షన్లూ ఉన్నది అక్కడొక్కచోటే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కనుక గట్టి గోడల బండ్లకే అనుమతి, టెంట్లు వేయనివ్వరు. ఎక్కడున్నా సరే, నెయ్యి వాసన ఉన్న గరిటె కూడా బయట వదలకండి.

ఓరుగల్లు_అక్క:
ఫిషింగ్ బ్రిడ్జ్ 7,800 అడుగుల ఎత్తు. మాడిసన్ కన్నా వెయ్యి అడుగులు ఎక్కువ. నిద్రలో ఊపిరికి ఇబ్బందిపడే మనిషిని అంత ఎత్తులో పడుకోబెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

గోదారి_గట్టు:
అందరికీ థాంక్స్. స్నేహితుడి పవర్ స్టేషన్ తెచ్చి నిన్న రాత్రి పరీక్షించాం. తేమ భాగం ఆపేసి పెడితే పొద్దున ఆరింటికి ఇంకా 40 శాతం మిగిలింది. కానీ గొంతు ఎండిపోయి నాన్న రెండుసార్లు లేచి నీళ్లు తాగారు. "పర్లేదురా, లోపలే ఉందాం" అన్నారు. నా కోసం అలా అన్నారని అమ్మ చెప్పింది. ఊళ్లో సైట్ ఉంచుకుంటున్నాను. రోజూ ఐదున్నరకే బయల్దేరతాం.

తెల్లారిపోతా:
ఒక్క రాత్రికైనా మాడిసన్ ఉంచుకోవాల్సిందండీ. ఒక్క రాత్రి గొంతు ఎండితే తట్టుకుంటారు, ఆ సాయంత్రం మళ్లీ రాదు. సరే, ఐదున్నర మాత్రం తప్పకండి. పొద్దుటి చలిలో గీజర్ల ఆవిరి పగటికన్నా దట్టంగా లేస్తుంది.

గోదారి_గట్టు:
నాలుగు రాత్రులు వరుసగా పడుకోలేకపోతే ఆయన పగలు ఏమీ చూడలేరండీ. మాడిసన్ సైట్ ఈ రాత్రి తొమ్మిదింటికి క్యాన్సిల్ చేస్తాను. కావాల్సినవాళ్లు ఆ వేళకి చూస్తూ ఉండండి.