పాఠం గడగడా చదువుతాడు, విడి పదం ఇస్తే ఆగిపోతాడు. డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది)?

చివరి పీరియడ్:
నాలుగో తరగతి పిల్లాడు. వాచకంలో పాఠం ఎక్కడా ఆగకుండా చదువుతాడు. అందులోని పదాలే బోర్డు మీద రాస్తే నోరు విప్పడు. 'సూర్యుడు'ని 'సురుడు' అని రాస్తాడు. నోటిలెక్కల్లో చురుకే. చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయి, లోపం లేదు. బద్ధకమా, ఇంకేమైనానా?

పలకాబలపం:
అది చదవడం కాదు టీచర్ గారూ, కంఠస్థం. బొమ్మలు మూసి, వాక్యాన్ని చివరి పదం నుంచి వెనక్కి చదివించండి. తర్వాత అర్థం లేని పదాలివ్వండి: 'లిమట', 'గెప్పు', 'తోర్కి'. మొదటిది వచ్చి, ఒత్తు ఉన్నవి రాకపోతే చిక్కు ఎక్కడో తెలుస్తుంది. గుణింతం కూడా వరసలో అడగొద్దు. 'క కా కి కీ' అని వేళ్ల మీద లెక్కపెడితే గానీ 'కె' దొరకని పిల్లలున్నారు.

పుస్తకం లేకుండా నోటితో ఇంకోటి. 'కమల'లో 'మ' తీసేస్తే? 'పడవ'లో 'డ' తీసేస్తే? ఇది రాకపోతే లోపం కంటిలో కాదు, పదంలోని ధ్వనుల్ని విడదీయడంలో ఉన్నట్టు.

గుడిదీర్ఘం:
ఒక్క మాట. ఇంట్లో లంబాడీయో గోండీయో మాట్లాడతారా? ఒకటి, రెండు తరగతుల్లో బడి బాగా ఎగ్గొట్టాడా? అలాగైతే తొందరపడి డిస్లెక్సియా అనకండి. ధ్వనుల ఆట ఇంటి భాషలో ఆడించి చూడండి.

యాభైసార్లు రాయించడం మాత్రం మానండి. చెయ్యి రాస్తుంది, చెవి వినదు. రోజుకు 20 నిమిషాలు, వారానికి ఒకే ఒత్తు చాలు. 'ర్', 'య' విడిగా పలికించి, కలిపి 'ర్య' అనిపించి, అప్పుడు రాయించాలి. క్లాసు ముందు నిలబెట్టి చదివించొద్దు.

దారిదీపం:
మూడు నెలలు ఇలా చేసినా కదలకపోతే పిల్లల డాక్టరు, తర్వాత క్లినికల్ సైకాలజిస్టు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యమూ ఒకటి. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనం. ఈలోగా ట్యూషన్ పెట్టి ఊరుకోకండి, అక్కడా అదే కంఠస్థం.

చివరి పీరియడ్:
ఇంట్లో తెలుగే, హాజరూ బాగుంది. ఇవాళ వెనక్కి చదివిస్తే 12 పదాల్లో 4 వచ్చాయి. 'పడవ'లో 'డ' తీయమంటే 'వడప' అన్నాడు.

పలకాబలపం:
ఆ 'వడప'ని తేదీ వేసి అలాగే రాసిపెట్టండి. దిద్దని నోట్‌బుక్కు ఒకటి కూడా దాచండి. సైకాలజిస్టు మొదట అడిగేవి అవే.