తప్పుడు సంతకం పెట్టిన మేనేజర్: తప్పు మనిషిదా, టార్గెట్‌దా?

సందేహి:
మా ఆఫీసులో ఏటా నైతికత మీద ట్రైనింగ్ ఉంటుంది. క్విజ్‌లో అందరికీ నూటికి నూరే. క్వార్టర్ చివరి వారం వచ్చేసరికి, టార్గెట్ కోసం వచ్చే నెల బిల్లులను ఈ నెలలోనే వేసేదీ వాళ్లే. మంచివాళ్లను ఏరి తీసుకుంటే చాలంటారు మా బాస్. మీరేమంటారు?

పాత ఆడిటర్:
చాలదండీ. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో కస్టమర్లు అడగని ఖాతాలు లక్షల్లో తెరిచారు. 2016లో జరిమానా పడేనాటికి దాదాపు 5,300 మందిని తీసేశారు. అంతమంది దొంగలను వెతికి మరీ ఉద్యోగాలిచ్చారా? ఒక్కో కస్టమర్ ఖాతా, కార్డు లాంటి ఎనిమిది ప్రొడక్టులు తీసుకునేలా చేయాలన్నది పైనుంచి వచ్చిన లక్ష్యం. ట్రైనింగ్ సంగతంటారా, అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ 2000లో ఇచ్చిన నైతిక నియమావళి 64 పేజీలు. మరుసటి ఏడాది డిసెంబరుకు కంపెనీ దివాలా!

మొండివాడు:
అన్నీ టార్గెట్ మీదకు తోసేస్తే ఎలా? అదే బ్యాంకులో హాట్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల నెత్తిన టార్గెట్ లేదా?

పాత ఆడిటర్:
ఉంది. వాళ్లలో కొందరి ఉద్యోగం ఊడింది కూడా. అది చూసిన పక్క సీటతను ఏం నేర్చుకుంటాడో చెప్పండి.

ప్లాంట్ ఇంజినీర్:
నాకైతే అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ గుర్తొస్తుంది. 1986 జనవరి 27 రాత్రి, చలికి బూస్టర్ రాకెట్ అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు సరిగా సీల్ కావని, ప్రయోగం వద్దని ఆ బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు చెప్పారు. వైస్ ప్రెసిడెంట్ బాబ్ లండ్ కూడా మొదట వాళ్ల పక్షమే. ఇంజినీర్ టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు పై అధికారి. అంతే, లండ్ మాట మారింది. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు షటిల్ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. లండ్ అదే మనిషి, చేతిలో ఉన్నదీ అదే డేటా. మామూలుగా ప్రయోగం సురక్షితమని చూపించమనేవారు, ఆ రాత్రి మాత్రం ప్రమాదమని రుజువు చేయమన్నారు. ప్రశ్న అలా తిరగబడితే ఎంత నిజాయితీపరుడికైనా కాలు జారుతుంది.

మొండివాడు:
ఆ కంపెనీ ఇంజినీర్ రోజర్ బోయిజోలీకి జారలేదుగా? ఆయనా అదే మీటింగులో ఉన్నాడు, చివరిదాకా వద్దనే అన్నాడు.

ప్లాంట్ ఇంజినీర్:
ఒప్పుకుంటాను. కానీ ఆఖర్న ఆయన్ను అడిగిందెవరు? నలుగురు మేనేజర్లు తమలో తామే తేల్చేసుకున్నారు.

సందేహి:
అయితే మా దగ్గర కూడా, బిల్లు ఆపే అధికారం ఎవరిదో చూడాలన్నమాట. సేల్స్ హెడ్‌ది. క్వార్టర్ బోనస్ కూడా ఆయనదే.