తఖ్వాకి ఇంగ్లీషులో ‘ఫియర్’ అనాలా, ‘మైండ్‌ఫుల్’ అనాలా?

గుంటూరు అబ్బా:
మేం హ్యూస్టన్‌లో ఉంటాం. ఆదివారం మదర్సాలో పాఠాలన్నీ ఇంగ్లీషే. ఖుర్‌ఆన్‌లో వచ్చే తఖ్వా (దేవుణ్ణి దృష్టిలో పెట్టుకుని చెడుకి దూరంగా ఉండటం) అనే మాటకి కూడా అక్కడ ‘ఫియర్’ అనే చెప్తారు. మొన్న మా ఎనిమిదేళ్ల పాప వచ్చి ‘ఫియర్ అల్లాహ్ అన్నారు, నాకు కుక్కంటే భయం కదా, అలాగా?’ అని అడిగింది. చిన్నప్పుడు మా అమ్మీ ఉర్దూలో ‘అల్లాహ్ సే డరో’ (అల్లాహ్‌కి భయపడండి) అంటే మాకెప్పుడూ ఈ డౌటు రాలేదు. పిల్లలకి ‘మైండ్‌ఫుల్ ఆఫ్ గాడ్’ అని చెప్తే చాలదా? అబ్దుల్ హలీమ్ 2004 ఇంగ్లీషు ఖుర్‌ఆన్ అనువాదంలో అదే వాడారు.

పాతబస్తీ 77:
వద్దు భాయ్. ఇప్పటి పిల్లలకి మైండ్‌ఫుల్ అంటే ఫోన్‌లో ధ్యానం యాప్. ఖుర్‌ఆన్‌లో ఖౌఫ్ (భయం) అనే మాట ఉంది, నరకం గురించిన హెచ్చరికలున్నాయి, అవన్నీ ఏం చేద్దాం? యూసుఫ్ అలీ 1930లలోనే తన ఇంగ్లీషు అనువాదంలో ఫియర్ అని రాశారు, అది చదివి ఎవరూ దీన్ (మతం) వదిలి పారిపోలేదు. చెవికి ఇంపుగా లేదని మాటలు మార్చుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

నెల్లూరు టీచరమ్మ:
ఖౌఫ్‌కి ఫియర్ అనండి, ఎవరు కాదన్నారు? పేచీ తఖ్వా దగ్గరే. దాని ధాతువుకి కాపాడుకోవడం అని అర్థం. జుమా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) వినే ఉంటారు, ఖలీఫా హజ్రత్ ఉమర్ తఖ్వా అంటే ఏంటని అడిగితే ప్రవక్త సహచరుడు ఉబై బిన్ కాబ్ ‘ముళ్ల దారిలో నడిచారా, అప్పుడేం చేశారు?’ అన్నారట. బట్టలు ఎత్తిపట్టుకుని చూసుకుంటూ నడిచానన్నారు ఉమర్. అదే తఖ్వా అన్నారు ఉబై. వట్టి భయమే అయితే ఆ దారినే పోరు కదా! ఉర్దూలో పర్హేజ్‌గారీ అంటాం, డాక్టరు షుగరున్నవాళ్లకి చెప్పే పర్హేజూ అదే మాట, తెలుగులో పత్యం. మీ హైదరాబాద్‌లోనే నిజాం కొలువులో పనిచేసిన పిక్తాల్ 1930 ఇంగ్లీషు అనువాదంలో, బఖరా సూరా (అధ్యాయం) రెండో ఆయత్‌లో (వాక్యంలో), ఫియర్ అనలేదు, చెడుని దూరం పెట్టేవాళ్లు అనే అర్థంలో ‘వార్డ్ ఆఫ్’ అన్నారు.

పాతబస్తీ 77:
సరే, పత్యం బాగుంది. కానీ ఫాతిర్ సూరా 28వ ఆయత్ చూడండి, అల్లాహ్‌కి నిజంగా భయపడేది జ్ఞానం ఉన్నవాళ్లే అని. అక్కడున్న అరబీ మాట ఖషియత్, అంటే గౌరవంతో కూడిన భయం. ఎంత తెలిస్తే అంత భయం.

నెల్లూరు టీచరమ్మ:
మరి పాపకి కుక్కంటే భయం దాని సంగతి తెలియక! రెండిటికీ ఒకటే ఫియర్ ఎలా సరిపోతుంది, మీరే చెప్పండి భాయ్.

కోనసీమ జాన్:
మధ్యలో వస్తున్నా, నేను క్రిస్టియన్‌ని. ఇంగ్లీషు బైబిల్ సామెతల్లో ‘ఫియర్ ఆఫ్ ది లార్డ్’ ఉన్నచోట మా తెలుగు బైబిల్లో ‘భయభక్తులు’ అని ఉంటుంది. తెలుగు ఖుర్‌ఆన్‌లోనూ ఆ మాట చూశాను. మా తాత ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు, అయినా ఆయన వస్తుంటే అరుగు దిగి నిలబడేవాళ్లం. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో నాకిప్పటికీ తెలీదు.

పాతబస్తీ 77:
జాన్ గారూ, ఇది ఒప్పుకుంటా. మైండ్‌ఫుల్ మాత్రం ఒప్పుకోను.

గుంటూరు అబ్బా:
ఇంగ్లీషు మాట వెతకడం మానేసి తఖ్వా అనే ఉంచేసి, రాత్రి ముళ్ల దారి కథ చెప్పాను. అంతా విని ‘అబ్బా, చెప్పులేసుకుని నడవచ్చు కదా’ అంది. దీనికి జవాబు టీచరమ్మగారే చెప్పాలి.