జమ్మికాయలు వండేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మావారి ఉద్యోగం వల్ల రాజస్థాన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు దగ్గర బాడ్‌మేర్ వైపు ఉంటున్నాం. మనం దసరాకి పూజించే జమ్మే ఇక్కడి ఖేజ్డీ. దాని లేతకాయల్ని ఉడికించి, ఎండబెట్టి, సాంగ్రీ పేరుతో ఏడాదంతా దాచుకుంటారు. ఆకు మేకలకి, చెట్ల మధ్యే సజ్జ పైరు. 1730లో ఈ చెట్లని నరకనివ్వకుండా జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ ఊళ్లో 363 మంది బిష్ణోయిలు (చెట్లనీ జంతువుల్నీ కాపాడటం ధర్మంగా పాటించే ఇక్కడి సమాజం) ఎందుకు ప్రాణాలిచ్చారో ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

పక్కింటి పెద్దావిడ సాంగ్రీ, ఎండు కేర్ కాయలు (ఇక్కడి ఎడారి పొదకి కాసే చిన్న కాయలు) ఇచ్చారు. ఆవిడ మార్వాడీ నాకు సగమే తెలుస్తుంది. కేర్ చేదు పోవాలంటే ఉప్పునీళ్లలో నానబెట్టాలా, మజ్జిగలోనా? ఎంతసేపు?

ఇంకోటి. పాలమూరులో మా పొలం గట్టున జమ్మిచెట్లున్నాయి. ఏటా కొమ్మలు కొట్టేస్తాం, కాయ కనబడదు. కొట్టడం మానితే కాస్తాయా? మనవైపు లేతకాయ ఏ నెలలో దొరుకుతుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, అమ్మకి ఫోన్ చేసి ఈసారి కొమ్మలు కొట్టించొద్దని చెప్తాను.