పిల్లల నాటక తరగతులు: హనుమకొండలో ఏం చూసి చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, బడిలో ప్రార్థన సమయంలో వార్తలు చదవమంటే జడ కొస మెలితిప్పుతూ మాటలను గొంతులోనే మింగేస్తుంది. నిరుడు వేసవిలో ఒక నాటక శిబిరానికి పంపితే, నాలుగు వారాల తర్వాత చెట్టు వేషం కట్టి నిలబెట్టారు. ఒక్క మాటా పలికించలేదు. మళ్లీ పంపడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

మొదటి జవాబు: ఉంటుందండీ, కానీ చేర్పించే ముందు ఒక తరగతిని కూర్చుని చూడండి. వార్షిక ప్రదర్శన కోసం సంభాషణలు బట్టీ పట్టించే చోట బెరుకు పోదు. ఊపిరి పట్టి వదలడం, ఎదుటివారి కదలికలను అద్దంలా అనుకరించడం, ఇచ్చిన సందర్భానికి అప్పటికప్పుడు మాటలు అల్లుకోవడం వంటివి రోజూ చేయిస్తున్నారో లేదో గమనించండి.

రెండవ జవాబు: నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మన ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే పక్కవాద్యకారులు వంత పాడుతూ, మధ్యలో మాట అందుకుంటారు కదా, ఆ పద్ధతిలోనే పిల్లలను జతలుగా కూర్చోబెడతాను. మొదట వంత పలికే పిల్లకు భయం ఉండదు, ఎందుకంటే అందరి కళ్లూ కథ చెప్పేవారి మీదే ఉంటాయి. వారం తిరిగేసరికి తానే కథ అందుకుంటుంది. ధ్వన్యనుకరణకు పేరుపొంది, 2001లో పద్మశ్రీ అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ మన వరంగల్ వారే. పక్షుల కూతలను అనుకరించమంటే మూగనోము పట్టిన పిల్లలు కూడా నోరు విప్పుతారు.

మూడవ జవాబు: తరగతికి ఇరవై మంది దాటితే చేర్పించకండి. ఇంటికి వచ్చిన చుట్టాల ముందు "ఏదీ, చేసి చూపించు" అని మాత్రం అడగవద్దు. మా బాబు ఆ దెబ్బకే మానేశాడు.