పొట్ట సంచిలోంచి కాల్చే కంగారూ విలన్: ఏ సంచికలో వస్తాడు?

స్పైడర్‌మ్యాన్ కామిక్స్‌లో కంగారూ అనే చిన్న విలన్ ఉన్నాడు. అతను వచ్చే ఒక సంచిక కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

దాదాపు 2003లో హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర కొన్న కామిక్ అది. అట్ట లేదు, మొదటి పేజీలు కూడా చిరిగిపోయాయి, అందుకే నంబర్ తెలియదు. ఇల్లు మారినప్పుడు పోయింది. గుర్తున్నది ఇంతే: విలన్ ఒళ్లంతా కవచంలాంటి కంగారూ సూట్, వెనక తోక, పొట్ట దగ్గర సంచి. ఆ సంచిలోంచే ఆయుధం పేలుస్తాడు. రంగులు, కాగితం చూస్తే 1970ల పుస్తకంలా లేదు, మెరుపు కాగితం.

ముందు అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 81 (1970) చదివాను. అందులో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫ్రాంక్ ఆలివర్ ఉన్నాడు. కంగారూల మధ్య బతికి, వాటిలా గెంతడం నేర్చుకున్న మనిషి. కవచం లేదు, సంచీ లేదు. తర్వాత 126 (1973) చూశాను. అందులో రేడియేషన్ గదిలోకి వెళ్లి చనిపోతాడు పాపం, ఆ పేజీ చదువుతుంటే నిజంగా బాధేసింది. కాబట్టి నేను చదివింది అతని పేరు పెట్టుకున్న ఇంకో మనిషి కథ అయి ఉండాలి. పేరుతో ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కువగా ఫ్రాంక్ బొమ్మలే వస్తున్నాయి.

సంచి ఆయుధమున్న ఈ రెండో కంగారూ స్పైడర్‌మ్యాన్‌తో తలపడేది ఏ సిరీస్‌లో, ఎన్నో సంచికలో?