మందు వేసిన ఎలకల కళ్ళలోనూ, వెయ్యని వాటిలోనూ ఒకేలా మచ్చలు, ఎక్కడ తప్పుతున్నాను?

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఇప్పుడు బరంపురంలో పీహెచ్‌డీ చేస్తన్నాను. నల్ల చిట్టెలకలకి ఐఆర్‌బీపీ పెప్టైడ్ (రెటీనాలో ఉండే ఒక ప్రోటీన్ ముక్క) ఇచ్చి యువియైటిస్ (కంటి లోపలి వాపు జబ్బు) తెప్పించి, మా ల్యాబ్‌లో చేసిన చుక్కల మందు పని చేస్తందా లేదా చూడ్డం నా పని. 8 ఎలకలు, కుడి కంట్లో మందు, ఎడమ కంట్లో ఉప్పునీరు, అంటే 16 కళ్ళు కదా. మొదటి రోజు నుంచే మందు వేస్తన్నాను. సమస్య ఏటంటే 21వ రోజు ఫండస్ (కంటి వెనక గోడ) ఫొటోలు తీస్తే రెండు వైపులా ఒకేలా ఉన్నాయి, అది పోనీ అనుకుంటే అసలు ఏ ఇంజెక్షనూ ఇవ్వకుండా ఊరికే ఉంచిన 3 ఎలకల్లో కూడా రెటీనా కింది భాగంలో సన్న తెల్ల చుక్కలు! కొన్ని ఫొటోలైతే పొగమంచులో మహేంద్రగిరిని చూసినట్టు మొత్తం మసక. గైడ్ గారు సగటు తీసి రాసెయ్ అంటన్నారు, నాకు మనసొప్పట్లేదు.

ఎలకల అక్క:
సగటు తియ్యకు బాబూ. ముందు ఆ మసక సంగతి చెప్తాను, అది చాలామటుకు జబ్బు కాదు. మత్తుకి కెటమిన్, జైలజిన్ ఇస్తన్నావు కదా? మత్తులో ఎలక రెప్ప వెయ్యదు, కన్ను ఎండిపోతుంది, ఏసీ గదిలో ఒళ్ళు చల్లబడుతుంది, దాంతో లెన్స్ పాలు పోసినట్టు తెల్లబడిపోద్ది, మెలకువొచ్చి కాసేపటికి మళ్ళీ తేటపడతాది. మత్తెక్కిన వెంటనే జెల్ వెయ్, కింద వెచ్చని ప్యాడ్ పెట్టు, ఆలస్యం చెయ్యకుండా ఫొటో తీసెయ్.

ఇంజెక్షన్ లేని వాటిలో చుక్కలు మాత్రం వేరే కథ. నీ ఎలకలు బ్లాక్ సిక్స్ అనే నల్ల ల్యాబ్ ఎలకల జాతిలో జె రకమా, ఎన్ రకమా? ఎన్ రకంలో క్రబ్1 జీన్‌లో ఆర్‌డీ8 అనే మార్పు ఉంటుంది, రెటీనా కింది వైపు అచ్చం నువ్వు చెప్పిన చుక్కలే తెస్తుంది. 2012లో ఈ సంగతి గట్టిగా బయటికొచ్చింది, అయినా ఇప్పటికీ చూసుకోకుండా కొంటున్నారు. తోక ముక్క తీసి పీసీఆర్ (జీన్ పరీక్ష) చేయించు.

సిరోంచ పశువుల డాక్టర్:
నాది సిరోంచ తమ్మీ, వంతెన దాటితే కాళేశ్వరం. ఎలకలు నా పని కాదు గానీ ఒకటి రెండు మాటలు. 16 కళ్ళు అని లెక్క రాయకు, 8 జంతువులే. ఒక జంతువు రెండు కండ్లు అక్కచెల్లెండ్లు, పెప్టైడ్ ఇచ్చినది మొత్తం ఒంటికి. పైగా అంత చిన్న కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలిసి అవతలి కంటికి కూడా పోతది, గందుకే ఎడమ కన్ను పోల్చి చూసే కంట్రోల్‌గా పనికిరాదు. ఇంకో గుంపు పెట్టుకో.

గుర్రాలకు వచ్చే యువియైటిస్ చూసిన, వచ్చుడు, తగ్గుడు, మళ్ల వచ్చుడు. ఒక్కరోజు చూసి తగ్గిందంటే మోసపోతం.

పర్లాకిమిడి కుర్రాడు:
డాక్టర్ గారూ, అక్కా, చాలా థాంక్స్. ఓసీటీ (రెటీనా పొరల్ని అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్) కూడా ఉంది మా దగ్గర, రెటీనా మందం కొలుస్తాను, మందం తగ్గితే మందు పని చేసినట్టే కదా?

ఎలకల అక్క:
అక్కడే చాలామంది పడిపోతారు! వాపు తగ్గినా మందం తగ్గుద్ది, లోపల కణాలు చచ్చిపోయి పొర పలచబడినా తగ్గుద్ది. అంకె ఒకటే, అర్థం తిరగబడిపోద్ది. అందుకే పొరలు విడివిడిగా చూడు. బయటి న్యూక్లియర్ పొర (వెలుతురు పట్టే కణాల పొర) సన్నబడితే అది బాగవడం కాదు, పోవడం. ఓసీటీలో రెటీనా ముందు విట్రియస్‌లో (కంటి లోపలి జిగురు పదార్థంలో) ఇసక రేణువుల్లా చిన్న చిన్న తెల్ల చుక్కలు తేలుతుంటాయి చూడు, అవి వాపుతో వచ్చిన కణాలు, మందుకి అన్నిటికన్నా మొదట స్పందించేవి అవే, ముడతలు పడిన రెటీనా అంత తొందరగా సర్దుకోదు. ఇంజెక్షన్‌కి ముందు ఒకసారి, తర్వాత రెండో వారం నుంచి వరసగా, ప్రతిసారీ అదే ఎలక, అదే కన్ను, అదే చోటు. స్కోర్ వేసేవాళ్ళకి ఏది మందు గుంపో తెలియకూడదు, నువ్వైతే అస్సలు వెయ్యకు.

ఇంకోటి, మొదటి రోజు నుంచి మందు వేస్తే అది జబ్బు రాకుండా ఆపడం, వచ్చాక తగ్గించడం కాదు. పేషెంట్ జబ్బొచ్చాకే కదా ఆస్పత్రికి వస్తాడు. జబ్బు కనపడ్డాక మొదలుపెట్టే గుంపు ఒకటి ఉండాలి.

పర్లాకిమిడి కుర్రాడు:
అప్‌డేట్: పీసీఆర్ వచ్చింది. ఊరికే ఉంచిన 3 ఎలకలూ ఆర్‌డీ8వే, మందు వేసిన వాటిలో కూడా అదే మార్పు. గైడ్ గారికి పీసీఆర్ జెల్ ఫొటో చూపించాను, అరగంట ఏమీ మాట్లాడలేదు. జె రకం కోసం జంతు ప్రయోగాల అనుమతి కమిటీకి కొత్త దరఖాస్తు రాస్తన్నాను, కాలమ్‌లో ఎన్ని జంతువులు కావాలి అంటే ఈసారి కళ్ళు లెక్కపెట్టలేదు లెండి.